ఇంత వైను ఎవరు తాగుతున్నట్టు?

రాత్రి పదకొండు దాటాక మా మేనల్లుడు మంచినీళ్ల కోసం లేచి, నా కుర్చీ వెనక ఆగాడు. స్క్రీను మీద ఒక సగంలో నా పొలం, రెండో సగంలో నేను వేసుకున్న లెక్కల పట్టిక. కాసేపు చూసి, "అత్తా, నువ్వు ఆడుకుంటున్నావనుకున్నాను. ఇదేదో ఓవర్‌టైమ్‌లా ఉంది" అని వెళ్లి పడుకున్నాడు.

ఉక్రోషం వచ్చింది. నేను కాస్ట్ అకౌంటెంటుని. ఒక వస్తువు తయారవడానికి ఎంతయింది, అందులో కూలి ఎంత, కరెంటు ఎంత, ఎవరి పద్దులో ఎంత వేయాలి అని తేల్చడమే పద్దెనిమిదేళ్లుగా నా పని. సాయంత్రమైతే అంకెలు కళ్ల ముందు ఈదుతుంటాయి. వాటి నుంచి కాస్త తెరిపి దొరుకుతుందని వీడే స్టార్‌డ్యూ వ్యాలీ అనే ఆట పెట్టి ఇచ్చాడు. ఎరిక్ బరోన్ అనే ఒకే ఒక్క మనిషి బొమ్మలు, సంగీతం, కథ, ప్రోగ్రామింగ్ అన్నీ తానే చేసుకుంటూ నాలుగేళ్లకు పైగా కూర్చుని, 2016లో విడుదల చేసిన ఆట అది.

మొదలవడమే ఆఫీసులో మొదలవుతుంది. జోజా అనే మహా కంపెనీలో వరసగా బల్లలు, ఒక్కో బల్ల దగ్గర వాడిపోయిన మొహం. మన పాత్ర సొరుగులోంచి తాతగారు రాసిపెట్టి వెళ్లిన ఉత్తరం తీసి చదువుకుని, ఉద్యోగం వదిలేసి, ఆయన బీడు పొలానికి వెళ్లిపోతుంది. అక్కడ కూడా జోజా వాళ్ల సూపర్‌మార్కెట్టు ఒకటి తయారుగా ఉంటుంది. ఊళ్లో పాడుబడ్డ కమ్యూనిటీ సెంటరును మనం బాగు చేస్తామా, జోజాకు వదిలేస్తామా అన్నది కథలో ముడి. కంపెనీ చెడ్డది, పల్లె మంచిది. ఇందులో దాపరికం ఏమీ లేదు.

మరి అలాంటి ఆటలో నేను ఏం చేశానో చెబుతాను.

ఏన్షియంట్ ఫ్రూట్ అని ఒక నీలం పండు ఉంది. దాని విత్తనం దొరకడమే గగనం. నాటాక తొలి కాపుకు 28 రోజులు. ఆ తర్వాత మాత్రం వారం వారం కాస్తూనే ఉంటుంది. బయట వేస్తే చలికాలం రాగానే చచ్చిపోతుంది గానీ, గ్రీన్‌హౌస్‌లో ఋతువులతో పని లేదు. అక్కడ సాగుకు పనికొచ్చే నేల 120 గళ్లు. నీళ్లు చల్లే యంత్రాలు తెలివిగా అమర్చుకుంటే వాటికి నాలుగు గళ్లే పోతాయి, 116 మొక్కలు పడతాయి. పండును పండుగా అమ్మితే 550 నాణేలు. పీపాలో వేసి వారం ఆగి వైనుగా అమ్మితే 1,650. అంటే వారానికి 1,91,400. పాత్రకు వచ్చే నైపుణ్యాల్లో ఒకటి సరిగ్గా ఎంచుకుంటే వైను ధర ఇంకో నలభై శాతం పెరుగుతుంది, అప్పుడు 2,67,960. ఇక 116 పీపాలు కావాలి కదా. ఒక్కో పీపాకు 30 చెక్కలు, రాగి కడ్డీ ఒకటి, ఇనుప కడ్డీ ఒకటి, ఓక్ చెట్టు బంక ఒక సీసా. చెక్క, లోహం తొందరగానే పోగవుతాయి. బంకే వారానికి ఒక్కసారి గానీ రాదు. మా భాషలో చెప్పాలంటే ఉత్పత్తికి ఇరుకు అక్కడుంది. అందుకని సీతాకోకచిలుకలు తిరిగే మైదానం చదును చేసి వరసగా ఓక్ చెట్లు నాటాను. ఆ రాత్రి మావాడు చూసింది ఆ చెట్ల పట్టికనే.

ఊళ్లో వాళ్లతో మాట్లాడి ఆటలో నాలుగు నెలలయింది. చేపలు పట్టడం మానేశాను. ఉత్సవాలకు వెళ్లడం లేదు, పీపాలకు టైమ్ తప్పుతుందని.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. మొదటిసారి ఆడినప్పుడు బుద్ధిగా కమ్యూనిటీ సెంటరును బాగు చేశాను. రెండోసారి కొత్తగా మొదలుపెట్టినప్పుడు జోజాలో 5,000 నాణేలు కట్టి సభ్యత్వం తీసుకున్నాను. సెంటరు గోదాము అయిపోయింది. దానికి బదులుగా ఒక ఫారం చేతికి వస్తుంది. బస్సు బాగు చేయించాలంటే 40,000, గ్రీన్‌హౌస్‌కు 35,000, వంతెనకు 25,000. ఏ చేప ఎక్కడ దొరుకుతుందో, ఏ పువ్వు ఏ ఋతువులో పూస్తుందో గుర్తుపెట్టుకునే బాధ లేదు. నాలాంటి మనిషికి ధరల పట్టికను మించిన కవిత్వం ఉండదు. సంతకం పెట్టేటప్పుడు సిగ్గేసింది, పెట్టాక హాయిగా ఉంది.

ఒకరోజు ఆఫీసులో, నిజం వస్తువుకు నిజం లెక్క వేస్తూ ఉండగా, అకస్మాత్తుగా ఒక ప్రశ్న తట్టింది. ఈ వైనంతా ఎవరు తాగుతున్నారు?

ఇంటి పక్కన చెక్కపెట్టె ఒకటి ఉంటుంది. అందులో సరుకు వేసి పడుకుంటే తెల్లారేసరికి డబ్బు వచ్చి ఉంటుంది. ఊరి జనాభా ముప్పై చిల్లర. నేను వారానికి 116 సీసాలు కుమ్మరిస్తున్నాను. వెయ్యి కుమ్మరించినా ధర ఒక్క నాణెం తగ్గదు. నేను పని చేసే లోకంలో సరుకు రెట్టింపు చేస్తే ధర పడుతుంది, నిల్వ పేరుకుంటుంది, గోదాము అద్దె పెరుగుతుంది, ఆఖరుకు ఎవరిదో ఒకరిది ఉద్యోగం పోతుంది. ఇక్కడ అవేవీ లేవు. కూలి పద్దు ఖాళీ, వడ్డీ పద్దు ఖాళీ, కౌలు లేదు, పన్ను లేదు. కంటికి కనబడని కొనుగోలుదారు ఒకడు అర్ధరాత్రి వచ్చి, ఎంతుంటే అంతా, అడిగిన ధరకే పట్టుకుపోతున్నాడు.

జోజా బల్ల దగ్గర నుంచి పారిపోయి నేను చేరిన చోటు కూడా పెట్టుబడి లోకమే. కాకపోతే ఆ లోకం నాకు చిన్నప్పటి నుంచి చెబుతూ వచ్చిన మాటను ఇక్కడ నిలబెట్టుకుంటుంది. కష్టపడు, దాచుకో, మళ్లీ పెట్టు, పెరుగుతావు. ఆటలో చేసిన కష్టం చేసినంతా నాణేలై కళ్ల ముందు రాలుతుంది. దాన్ని చూడటానికే నేను నిద్ర చెడగొట్టుకుంటున్నాను.

(మావాడు యానిమల్ క్రాసింగ్ ఆడతాడు. అందులో ఇల్లు కట్టుకోవడానికి టామ్ నూక్ అనే జంతువు ఇచ్చే అప్పుకు వడ్డీ ఉండదు, గడువూ ఉండదు. కానీ 2020 ఏప్రిల్‌లో, దేశదేశాల కేంద్ర బ్యాంకులు వడ్డీ రేట్లు కోస్తున్న రోజుల్లోనే, ఆ ఆటలోని బ్యాంకు కూడా పొదుపు మీద వడ్డీ బాగా తగ్గించింది. కొందరు గేమ్ పరికరంలో తేదీ ముందుకు జరిపి వడ్డీ పిండుకుంటున్నారు మరి. ఖాతాదారులకు ఉత్తరంతో పాటు నాణేల సంచి బొమ్మ ఉన్న చిన్న తివాచీ ఒకటి పంపారు. నిజం బ్యాంకులు ఆపాటి మర్యాద కూడా చేయవు.)

కొనుగోలుదారు మనిషి అయినప్పుడు ఏమవుతుందన్నది వేరే కథ. 2001 చివర్లో ఎడ్వర్డ్ కాస్ట్రొనోవా అనే ఆర్థికశాస్త్ర ఆచార్యుడు ఎవర్‌క్వెస్ట్ అనే ఆన్‌లైన్ ఆటలోని నోరాత్ లోకాన్ని ఒక దేశంగా భావించి లెక్క కట్టాడు. ఆటగాళ్లు అందులో సంపాదించిన వస్తువుల్ని, నాణేల్ని ఈబేలో డాలర్లకు అమ్ముకుంటున్నారు, ఆ ధరలే ఆయనకు ఆధారం. నోరాత్ తలసరి ఉత్పత్తి 2,266 డాలర్లని తేలింది, అప్పటి రష్యాకూ బల్గేరియాకూ మధ్యలో. ఒక గంట ఆటకు పడే కూలి 3.42 డాలర్లు. ఆ పత్రం చదువుతున్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. గంటకు ఇంత అని ఒకసారి లెక్క తేలాక, ఆ గంటను ఎక్కడ చవగ్గా కొనవచ్చో వెతికేవాళ్లు బయలుదేరతారు. అది మా వృత్తిలో మొదటి పాఠం.

బయలుదేరారు కూడా. నాణేలు పోగుచేసి అమ్మడాన్ని గోల్డ్ ఫార్మింగ్ అంటారు. చైనాలో అదొక పరిశ్రమగా పెరిగింది. ఆటల కంపెనీలు దాన్ని అరికట్టడానికి పడిన పాట్లు చూస్తే ప్రభుత్వాలు నల్లబజారుతో పడే పాట్లు గుర్తొస్తాయి. 2007 డిసెంబరు, 2008 జనవరి నెలల్లో రూన్‌స్కేప్ తయారీదారులైన జాగెక్స్ వాళ్లు ఆటగాళ్లు ఒకరికొకరు ఇష్టమొచ్చినట్టు ఇచ్చిపుచ్చుకోవడాన్నే కట్టిపడేశారు. స్నేహితుడికి ఊరికే ఒక ఖరీదైన కత్తి ఇవ్వడం కూడా కుదరకుండా పోయింది. జనం గగ్గోలు పెట్టారు. 2011 ఫిబ్రవరిలో మళ్లీ తెరిచారు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వాళ్లు ఇంకో దారి పట్టారు. 2015లో టోకెన్ అని ఒకటి తెచ్చారు. డబ్బున్నవాడు దాన్ని 20 డాలర్లకు కొని ఆటలో బంగారానికి అమ్ముకుంటాడు, టైమున్నవాడు బంగారం ఇచ్చి దానితో చందా కట్టుకుంటాడు. వీధిలో బండి పెట్టుకున్నవాణ్ని తరిమి, అదే చోట తన కొట్టు పెట్టుకున్నట్టు.

అయినా వీధి బండ్లు పోలేదు. ఎందుకు పోలేదో తెలియాలంటే వెనెజ్వేలా వైపు చూడాలి. 2018లో అక్కడి ద్రవ్యోల్బణం, ఆ దేశ కేంద్ర బ్యాంకు స్వయంగా ఒప్పుకున్న లెక్క ప్రకారమే, 1,30,060 శాతం. నెల కనీస వేతనం కొద్ది డాలర్లకు దిగిపోయింది. అలాంటప్పుడు 2007 నాటి బొమ్మలతో, పాత కంప్యూటర్ మీద కూడా నడిచే ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌లో ఆకుపచ్చ డ్రాగన్లను చంపి, వాటి ఎముకలు, తోళ్లు అమ్మి, ఆ నాణేలను డాలర్లుగానో బిట్‌కాయిన్‌గానో మార్చుకోవడం మంచి ఉద్యోగమే. డ్రాగన్ను చంపు, ఎముకలు ఏరుకో, బ్యాంకుకు నడువు, తిరిగి రా. రోజుకు పది గంటలు. ఆటలోని బంగారం కరిగిపోవడం లేదు, దేశంలోని బొలివార్ కరిగిపోతోంది. ఏది ఆట డబ్బు, ఏది అసలు డబ్బు అన్నది అక్కడ తిరగబడింది.

మిగతా ఆటగాళ్లు ఏం చేశారు? ఆ డ్రాగన్లుండేది ఒకరినొకరు చంపుకోవచ్చని ఆటే అనుమతించిన ప్రాంతం. 2017లో ఒకరు, అక్కడ పని చేసుకుంటున్న వెనెజ్వేలా వాళ్లను ఎలా చంపాలో వివరంగా పాఠం రాసి నెట్లో పెట్టారు. వాళ్లు ఆటను పాడు చేస్తున్నారని కోపం. ఒకడి వినోదానికి ఇంకొకడి కూలి అడ్డొచ్చిందన్న మాట. నిజం చెప్పాలంటే ఆ కోపం నాకు అర్థమవుతుంది. అర్థమవుతున్నందుకే ఇబ్బందిగా ఉంటుంది.

ఆక్సీ ఇన్ఫినిటీ వచ్చినప్పుడు మా ఆఫీసులో కుర్రవాళ్లు కూడా దాని గురించి మాట్లాడుకున్నారు. వియత్నాం కంపెనీ స్కై మావిస్ తయారుచేసిన ఆట, 2021లో ఫిలిప్పీన్స్‌లో విపరీతంగా పాకింది. అప్పట్లో ఆడాలంటే ముందు ఆక్సీలనే, పోట్లాడే జంతువుల బొమ్మలు మూడు కొనాలి, వాటికి వందల డాలర్లు. కొనలేనివాళ్లకు, ఉన్నవాళ్లు బొమ్మలు అప్పిచ్చి, వచ్చిన సంపాదనలో వాటా తీసుకునేవారు. ఇచ్చేవాడు మేనేజరు, ఆడేవాడు స్కాలరు. దీనికి ఉపకార వేతనం అని పేరు పెట్టినవాడి ధైర్యాన్ని మెచ్చుకోవాలి. ఎద్దులు ఒకరివి, కష్టం ఇంకొకరిది, పంటలో పాలు. ఈ ఏర్పాటుకు పాత పేరు ఉండనే ఉంది.

ఆ రోజుల్లో ఒక కుర్రవాడు నన్ను అడిగాడు, "మేడమ్, ఇందులో డబ్బు పెట్టవచ్చా?" అని. నాకు తెలిసిన ప్రశ్న ఒకటే, అదే అడిగాను. ఆటలో గెలిస్తే వచ్చే ఆ ఎస్సెల్పీ అనే నాణేన్ని ఎవరు కొంటారు, ఎందుకు కొంటారు? వాడు చదివి వచ్చి చెప్పాడు. కొత్త ఆక్సీలను పుట్టించడానికి ఎస్సెల్పీ కావాలి. కొత్త ఆక్సీలు ఎందుకు? కొత్త ఆటగాళ్లకు అమ్మడానికి. కొత్త ఆటగాళ్లు ఎందుకు వస్తారు? ఎస్సెల్పీ సంపాదించడానికి. అక్కడితో ఇద్దరం నవ్వుకున్నాం. నా చెక్కపెట్టె దగ్గరికి అర్ధరాత్రి వచ్చే అదృశ్య కొనుగోలుదారు ఈ ఆటలో లేడు. ప్రతి నాణేన్నీ రేపు రాబోయే ఇంకో పేదవాడు కొనాలి. 2021 మధ్యలో 30 సెంట్లు దాటిన ఎస్సెల్పీ ఏడాది తిరిగేసరికి ఒక సెంటు కూడా చేయలేదు. ఈ మధ్యలో, 2022 మార్చిలో, ఆ ఆట క్రిప్టో డబ్బును ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకో దానికి దాటించే రోనిన్ వంతెన అనే ప్రోగ్రాం నుంచి 60 కోట్ల డాలర్లకు పైగా దొంగలు పట్టుకుపోయారు. అది ఉత్తర కొరియా ముఠా పనని ఎఫ్‌బీఐ చెప్పింది. స్కాలర్ల నుంచి తిరగేసి లెక్క రాస్తే, ఎక్కడో మూడు బొమ్మలతో రాత్రిళ్లు పోట్లాడిన మనిషి కష్టం ఒక దేశపు ఆయుధాల పద్దులో తేలే అవకాశం ఉంది. ఇలాంటి వోచరు నా సర్వీసులో చూడలేదు.

లెక్కల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పిల్లల ఆటల వేదిక రోబ్లాక్స్ నడిపే కంపెనీ వార్షిక నివేదికలు నాకు కాలక్షేపం, నవ్వకండి. పిల్లలు డబ్బు కట్టి రోబక్స్ అనే ఆట నాణేలు కొంటారు, చాలాకాలం దాదాపు ఒక డాలరుకు 80 వచ్చేవి. అంటే ఒక్కోటి సెంటుంపావు. అదే రోబ్లాక్స్‌లో ఆటలు తయారుచేసి రోబక్స్ సంపాదించినవాళ్లు వాటిని తిరిగి డాలర్లు చేసుకోవాలంటే, చాలా ఏళ్లపాటు ఒక్కోదానికి ఇచ్చిన రేటు 0.35 సెంటు. ఏ విమానాశ్రయంలోనూ డబ్బు మార్చేవాడు ఇంత తేడా పెట్టుకోడు. అయితే నన్ను ఆపేసింది అది కాదు. పిల్లవాడు ఈరోజు కొన్న శాశ్వతమైన టోపీ తాలూకు డబ్బును కంపెనీ ఈరోజే ఆదాయంగా రాసుకోకూడదు, దాని ఆయుష్షు మీద పరచాలి. ఆట టోపీకి ఆయుష్షు ఏముంటుంది? అందుకని డబ్బు కట్టే ఆటగాడి సగటు ఆయుష్షును, అంటే సగటున ఎన్నాళ్లు ఆటలో ఉంటాడో, అంచనా వేసి, దాని మీద పరుస్తారు. అది రెండేళ్లకు అటూ ఇటూ. అకౌంటింగ్ పరంగా ఒక్క తప్పు లేదు, నేనైనా అలాగే రాస్తాను. రాసేటప్పుడు మాత్రం ఒక్క క్షణం కలం ఆగేది.

ఇప్పుడు నా సంగతి. చాలా ఏళ్ల కిందట ఒక ఆన్‌లైన్ ఆట ఆడేదాన్ని, పేరు ఎందుకులెండి. ఒక కత్తి కావాలనిపించింది. దానికి కావలసిన బంగారం పోగుచేయాలంటే మూడు వారాల సాయంత్రాలు. ఆఫీసులో ఏడాది చివరి లెక్కలు, ఓపిక లేదు. నా గంటకు ఎంత వస్తుందో, బయట ఆ బంగారం ఎంతకు దొరుకుతుందో పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. లెక్క స్పష్టంగా ఉంది. నిబంధనలకు విరుద్ధమని తెలుసు. ఒక వెబ్‌సైటులో డబ్బు కట్టేశాను.

చెప్పిన టైముకు, ఆటలో ఒక బావి పక్కన, కొత్తగా చేరినవాళ్లు వేసుకునే చిరుగు చొక్కాతో ఒక పాత్ర నిలబడి ఉంది. పేరంటూ లేదు, అర్థం లేని అక్షరాల వరస. ఇచ్చిపుచ్చుకునే పెట్టె తెరుచుకుంది. అతని వైపు బంగారం కుప్ప, నా వైపు ఖాళీ. ఇద్దరం సరే అని నొక్కాలి. నేను నొక్కకుండా, ఇది పోగుచేయడానికి ఎంతసేపు పట్టిందని అడిగాను. అనువాద యంత్రంలో వేసుకుంటున్నాడేమో, జవాబు నెమ్మదిగా వచ్చింది. రెండు రోజులు. పగలు తను, రాత్రి తమ్ముడు.

అలవాటు కొద్దీ గంటకు ఎంత పడిందో మనసులో కట్టాను. వెబ్‌సైటువాడి వాటా తీయకముందే, కాస్ట్రొనోవా చెప్పిన 3.42 డాలర్లలో పదో వంతు లేదు.

నొక్కాను. అతను వెంటనే వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. ఆ కత్తితో ఎక్కడికి వెళ్తారు అని అడిగాడు. ఉత్తరాన కొండలు దాటి అని చెప్పాను. అక్కడేముంటుంది అన్నాడు. అప్పుడు అర్థమైంది, ఈ ఆటలో నాకంటే వందల గంటలు ఎక్కువ గడిపిన మనిషి ఆ తోడేళ్ల అడవి దాటి ఎప్పుడూ అడుగు పెట్టలేదు. మంచు, గడ్డకట్టిన చెరువు, రాత్రిపూట ఆకాశంలో ఆకుపచ్చ వెలుగు అని రాశాను. బాగుంటుందా అన్నాడు. బాగుంటుంది అన్నాను. మాయమైపోయాడు.

ఆ కత్తిని ఎన్నాళ్లు వాడానో గుర్తు లేదు. ఈ టపా రాయడం మొదలుపెట్టాక పాత ఇంటి ఖర్చుల పుస్తకాలు తీసి వెతికాను. పైసాతో సహా రాసే మనిషిని, ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. దొరికింది. ఆ నెల చివరి పేజీలో, బల్బు హోల్డరుకూ రిజిస్టర్డ్ పోస్టు ఖర్చుకూ మధ్య, నా చేతిరాతలోనే. పద్దు పేరు: ఇతరములు.